గ్యాసు లైటు, వెదురు నక్షత్రం: పాత క్రిస్మస్ కేరల్స్ సామాను మళ్ళీ కడుతున్నాం

నవంబరు 2

అటక మీద బియ్యం డబ్బాల వెనక గోనెసంచిలో చుట్టి పెట్టారు. దించేటప్పుడు బరువు చూసి ఇత్తడి బిందేమో అనుకున్నా. విప్పితే గ్యాసు లైటు. మా తాతది. గ్లాసు లేదు, పైన టోపీకి సొట్ట, ట్యాంకు మీద రాసిన పేరు చదవలేనంతగా అరిగిపోయింది. బెర్లిన్‌లో గ్రేట్జ్ వాళ్ళు చేసిన లైటు పేరు పెట్రోమాక్స్. మన దగ్గర ఏ కంపెనీది అయినా అదే పేరు, లేదంటే గ్యాసు లైటు. అందులో గ్యాసు సిలిండరు ఏమీ ఉండదని మా చిన్నోడికి, అంటే మా అన్నయ్య కొడుక్కి, చెప్పడానికే పది నిమిషాలు పట్టింది.

పెదనాన్న అరుగు మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "దీని వెనకాలే నడిచాం రా అందరం" అన్నాడు. తర్వాత సరిచేసుకున్నాడు. "అందరంటే అందరం కాదులే. నేను ముందుండేవాణ్ణి. నక్షత్రం నాది."

ఈ ఏడు మా పేటలో క్రిస్మస్‌కు రాత్రిపూట ఇంటింటికీ పాడుతూ తిరిగే కేరల్స్‌కు ట్రాలీ ఆటో, జనరేటరు, రెండు పెద్ద బాక్సులు మాట్లాడేశారు. దాన్ని ఆపమని నేను అడగను, కుర్రాళ్ళ సరదా వాళ్ళది. ఒక్క రాత్రి మాత్రం పాతపద్ధతిలో తిరుగుదామని ఒప్పించాను. గ్యాసు లైటు, వెదురు నక్షత్రం, హార్మోనియం. అంతే. యాభై రోజుల పైన టైముంది, చాలదూ అనుకున్నా.

నవంబరు 4

లైటు మొత్తం విప్పాను. చింతపండు, బూడిద పెట్టి తోమితే పై పూత పోయిన చోటల్లా ఇత్తడి తేలింది. అందంగానే ఉంది.

ఇది పనిచేసే తీరు ఓసారి అర్థమైతే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ట్యాంకులో గాలి కొడితే ఆ ఒత్తిడికి కిరోసిన్ సన్నటి ఇత్తడి గొట్టంలోకి ఎక్కుతుంది. ఆ గొట్టం మాంటిల్, అంటే వెలుగిచ్చే చిన్న గుడ్డసంచి, పక్కనుంచే పోతుంది కాబట్టి ఆ వేడికి కిరోసిన్ ఆవిరైపోతుంది. ఆవిరి నిప్పిల్ అనే సన్నటి మూతి బెజ్జంలోంచి దూసుకొచ్చి, గాలితో కలిసి మాంటిల్‌లో మండుతుంది. ఆ మంట మళ్ళీ గొట్టాన్ని కాస్తుంది. ఒకసారి అంటుకుంటే దాని తిండి అదే వండుకుంటుందన్నమాట. మొదటి వేడి మాత్రం మనమివ్వాలి. కప్పులో స్పిరిట్ పోసి ముందు వెలిగించేది అందుకే.

మాదాంట్లో పంపు వాషరు ఎండి చెక్కయిపోయింది. నిప్పిల్ బెజ్జం పూడిపోయింది. లోపలి పిన్ను విరిగింది. ట్యాంకు సంగతి ఇంకా తెలీదు.

నవంబరు 9

తోలు వాషరు పాత సైకిలు పంపులోంచి తీసి, రాత్రంతా ఆముదంలో నానబెట్టి వేశాను. చక్కగా గాలి పట్టింది. ఇరవై సార్లు కొట్టి వదిలితే, పంపు కడ్డీ దానంతటదే మెల్లగా పైకి లేచింది! చిన్నోడు దయ్యం అన్నాడు. దయ్యం కాదు, పంపు అడుగున ఉండే వాల్వు. గాలిని లోపలికి పోనిచ్చి వెనక్కి రాకుండా ఆపాల్సిన చిన్న రబ్బరు బిళ్ళ రాయిలా గట్టిపడింది. అది ఆపకపోతే గాలే కాదు, కిరోసిన్ కూడా పంపులోకి ఎగదన్నుతుంది.

ఆన్‌లైన్లో సామాను తెప్పించా. వచ్చింది వేరే సైజు. వెనక్కి పంపడానికి వారం.

నవంబరు 16

తెనాలి వెళ్ళాను. నాలుగు చోట్ల అడిగితే అందరూ ఒకే మాట: "ఇంకెవరు చేస్తారండీ." ఐదో చోట, స్టవ్వులు బాగుచేసే ముసలాయన, సాయిబుగారు, లైటు నా చేతిలోంచి తీసుకుని ఏమీ అడక్కుండా పని మొదలెట్టాడు. ఒకప్పుడు పెళ్ళిళ్ళ సీజన్లో ఊరేగింపులకు నలభై లైట్లు అద్దెకిచ్చేవాడట. నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుని, దాని మీద లైటు పెట్టుకుని నడిచే మనుషుల్ని నేనూ చిన్నప్పుడు చూశాను. వాళ్ళ మొహాలు మాత్రం గుర్తులేవు. లైటు కింద నీడలోనే ఉండేవాళ్ళు మరి.

వాల్వుకు బిళ్ళ తనే రబ్బరు కోసి వేశాడు. నిప్పిల్, పిన్ను రేకు డబ్బాలోంచి వెతికిచ్చాడు. ట్యాంకులో గాలి కొట్టి బకెట్ నీళ్ళలో ముంచితే అడుగు అతుకు దగ్గర బుడగలు. టంకం పెట్టాలి. ఇక్కడ ఆయన చేసిన పద్ధతి రాసుకోవాల్సిందే. ముందు ట్యాంకును సోడా వేసిన వేడినీళ్ళతో మూడుసార్లు కడిగాడు. తర్వాత, తలకిందులు చేస్తే అతుకు దగ్గర కాస్త ఖాళీ మాత్రమే ఉండేలా నీళ్ళు పోసి, తిప్పి నిలబెట్టాడు. అప్పుడుగానీ టంకం ముట్టుకోలేదు. లోపల కిరోసిన్ ఆవిరి మిగిలుంటే ట్యాంకు బాంబవుతుంది. "ఖాళీ ట్యాంకే ప్రమాదం బాబూ, నిండుది కాదు" అన్నాడు.

డబ్బులు అడిగితే ఎంత తోస్తే అంత అన్నాడు. అలా అనేవాళ్ళకు తక్కువ ఇవ్వలేం.

నవంబరు 18

మాంటిళ్ళు వచ్చాయి. తెల్లటి పట్టుసంచీలా ఉంటుంది, ఇంత చిన్నది. మంటలో పెడితే గుడ్డ కాలిపోయి బూడిద గూడు మిగులుతుంది. ఆ బూడిదే వెలుగిచ్చేది. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ కనిపెట్టిన కిటుకు ఇది. గుడ్డకు పట్టించిన థోరియం, అందులో నూటికి ఒక పాలు సీరియం. మంట నీలంగా, గుడ్డిగా ఉన్నా, దాని వేడికి ఈ గూడు తెల్లగా వెలిగిపోతుంది.

ఆ థోరియం కథలో మన ఇసుక ఉంది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్, కొబ్బరి పీచుకు అంటుకుని వచ్చిన ఇసుకలో థోరియం ఉండే ఖనిజం మోనజైట్ ఉందని గుర్తుపట్టాడు. ఆ ఇసుక మణవాళకురిచ్చి తీరానిది. అప్పట్లో తిరువాన్కూరు సంస్థానం, ఇప్పుడు కన్యాకుమారి జిల్లా. మన భీమిలి ఇసుకలోనూ మోనజైట్ ఉంది. థోరియానికి కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి ఇప్పుడు చాలావాటిలో యిట్రియం వాడుతున్నారు. నేను తెప్పించినవీ అవే. పాత సంచిలో దొరికిన రెండు మాంటిళ్ళు మాత్రం కాల్చలేదు, కవర్లో పెట్టి దాచాను. ఏ మాంటిల్ అయినా పగిలితే ఆ పొడి ఊదకూడదు, పీల్చకూడదు. తడిగుడ్డతో తుడవాలి.

నవంబరు 23

వెలిగింది.

అంటే, మూడోసారికి వెలిగింది. మొదటిసారి స్పిరిట్ పూర్తిగా కాలకముందే తొందరపడి తిప్పాను. కిరోసిన్ ఆవిరి కాకుండానే పైకొచ్చి భగ్గుమంది. పసుపుపచ్చ మంట, నల్లటి పొగ, వంటింట్లోంచి మా అమ్మ కేకలు. మూతకున్న గాలి స్క్రూ వదిలేస్తే చల్లారింది. రెండోసారి స్పిరిట్ చాల్లేదు. మూడోసారి పెదనాన్న కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఆగు... ఆగు... ఇప్పుడు" అంటూ చెప్పాడు. నేను గాలి కొడుతున్నకొద్దీ మాంటిల్ ఎర్రగా, పసుపుగా, ఉన్నట్టుండి తెల్లగా మారింది. బుస్సుమని ఆ చప్పుడు! వెలుగు గురించి అందరూ చెప్పారుగానీ చప్పుడు గురించి ఎవరూ చెప్పలేదు నాకు. వాన పడుతున్నట్టు ఆగకుండా ఉంటుంది. ఇది వెలుగుతున్నప్పుడు పాడాలంటే గొంతెత్తే పాడాలి.

యాభై రెండుసార్లు గాలి కొట్టాను. చేతులు లాగేశాయి.

కిరోసిన్ గురించి ఒక మాట. మా ఊళ్ళో రేషన్లో నీలం కిరోసిన్ ఆగిపోయి ఏళ్ళయింది. గుంటూరులో తెల్ల కిరోసిన్ రెండు లీటర్లు దొరికింది. దొరకలేదని పెట్రోలు పోద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే, లైటును మళ్ళీ గోనెసంచిలో చుట్టి అటకెక్కించడం మేలు.

నవంబరు 30

ఇక నక్షత్రం. మేదర్ల దగ్గర పచ్చి బొంగు తెచ్చాను. ఎండింది అయితే చీల్చేటప్పుడు పక్కకు పోతుంది. నాలుగడుగుల బద్దలు పది, తొమ్మిదంగుళాల పుల్లలు ఐదు. ఇంతే సామాను.

పది బద్దలు ఎందుకంటే నక్షత్రాలు రెండు. ఒక్కోదానికి ఐదు. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల దగ్గర కలిపి కట్టేస్తారు. తర్వాత లోపలి ఐదు మూలల్లో ఆ పుల్లల్ని అడ్డం పెట్టి రెండు చట్రాలనీ దూరం జరుపుతారు. కొనల దగ్గర సన్నగా, మధ్యలో ఉబ్బుగా వస్తుంది.

బద్దలు ఎక్కడ దాటాలో తెలీక మొదటిది వంకర్లు పోయింది. నేను ఫోన్లో లెక్క కట్టాను. నిజమైన ఐదుకోణాల నక్షత్రంలో ప్రతి బద్దా ఒక కొన నుంచి 0.382 వంతు దగ్గర తెగుతుంది. 48 అంగుళాల బద్దకు రెండు కొసల నుంచీ పద్దెనిమిది అంగుళాల చిల్లర, మధ్యలో పదకొండు అంగుళాల చిల్లర మిగలాలి. గర్వంగా గుర్తులు పెడుతుంటే పెదనాన్న తన బద్ద తీసుకుని జానతో కొలిచాడు. ఈ కొస నుంచి రెండు జానలు, ఆ కొస నుంచి రెండు జానలు. ఆయన జాన తొమ్మిదంగుళాల పైన కొంచెం. ఆ గుర్తూ నా గుర్తూ ఒకచోటే పడ్డాయి. నక్షత్రం మోసిన పదకొండేళ్ళప్పుడు నీ చేతులు ఇంత లేవుగా అంటే, "అప్పుడు నక్షత్రమూ ఇంత లేదు" అన్నాడు.

డిసెంబరు 5

కాగితం అంటించాం. మైదా ఉడకబెట్టి, బొద్దింకలు తినకుండా చిటికెడు మైలుతుత్తం కలిపాం. అది విషం కాబట్టి చిన్నోణ్ణి గిన్నె దగ్గరికి రానివ్వలేదు. రంగు కాగితం ఎరుపు, పసుపు. తోకకు కుచ్చులు. వాడు కత్తిరించిన కుచ్చులు ఒక్కోటి ఒక్కో పొడవు, బావున్నాయి.

డిసెంబరు 7

నక్షత్రం కాలిపోయింది.

పెదనాన్న చెప్పినట్టే లోపల చెక్కముక్క మీద కొవ్వొత్తి నిలబెట్టాం. డాబా మీద నిలబెట్టి చూస్తుంటే ఎంత ముద్దొచ్చిందో! ఫొటో తీద్దామని కర్ర కాస్త వంచాను. అంతే. రెండు మూడు సెకన్లు. చట్రం మాత్రం మిగిలింది. చిన్నోడు ఏడుపు మొహం పెట్టాడు. పెదనాన్న నవ్వుతున్నాడు.

"ఏటా ఒకటి కాలేది రా. అందుకే రెండు కట్టేవాళ్ళం."

ముందు చెప్పొచ్చుగా పెదనాన్నా!

తర్వాత చెప్పాడు అసలు సంగతి. అప్పట్లో మా పేట మొత్తం తాటాకిళ్ళే. ఒక ఏడు నక్షత్రం రవ్వ పడి ఒక ఇంటి చూరు అంటుకుంది. పక్కనే కాలువ ఉండబట్టి సరిపోయింది. ఆ మర్నాడే పెద్దలు కొవ్వొత్తి వద్దన్నారు. ఆ తర్వాత ఏడు నుంచి టార్చిలైటు బల్బు వచ్చింది. మోసే బొంగు కింది కణుపులో మూడు బ్యాటరీలు దూర్చి, తీగలు బొంగు వెంబడే పైకి తీసుకెళ్ళేవాళ్ళట. నాకిది చాలా నచ్చింది. కరెంటు వచ్చాక కొవ్వొత్తి పోయిందని అనుకుంటాంగానీ, మా ఊరికి కరెంటు ఇంకా రాలేదప్పటికి.

డిసెంబరు 10

బొంగు కణుపుల మధ్య గోడలు ఇనపచువ్వ ఎర్రగా కాల్చి పొడిచాను. లావు బ్యాటరీలు మూడూ సరిగ్గా పట్టాయి. పాత రకం పిలకబల్బు, 3.8 వోల్టులది, సైకిలు షాపులో దుమ్ముపట్టిన పెట్టెలో దొరికింది. ఎల్.ఇ.డి. పెడితే ఏం పోయిందని అన్నయ్య అడిగాడు. పోయేదేమీ లేదు. కానీ ఎల్.ఇ.డి. తెలుపు కాగితంలోంచి ట్యూబులైటులా కనిపిస్తుంది. ఇది దీపంలా ఉంది.

కొత్త నక్షత్రం రెండు పూటల్లో అయిపోయింది. చెయ్యి తిరిగింది.

డిసెంబరు 14

మొదటి రిహార్సలు. హార్మోనియం చర్చి నుంచి తెచ్చాం. తాళ్ళు కట్టి మెడలో వేసుకుంటే నడుస్తూ వాయించొచ్చు, కాకపోతే ఎనిమిదో ఇంటికి మెడ పనికిరాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌధురి వంటివాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలోనే మన రాగాల్లో కట్టారు కదా. కుర్రాళ్ళకు ఆ వరస చూడ్డమే కొత్త. అన్నట్టు, విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైందిగానీ, హార్మోనియానికి 1940 నుంచే రేడియోలో నిషేధం. 1971 దాకా సడలించలేదు. అంటే పెదనాన్న చిన్నప్పుడు ఈ పెట్టె మోత రేడియోలో కాదు, ఇలాంటి వీధుల్లోనే వినాలి.

ఒక చిక్కొచ్చింది. నక్షత్రాన్ని గ్యాసు లైటు పక్కన పెడితే లోపల బల్బు వెలుగుతున్నట్టే తెలీదు. అంత వెలుగు ముందు పిలకబల్బు ఏపాటి! నేను ఇంకో బల్బు పెడదామా, పెద్దది పెడదామా అని కొట్టుకుంటుంటే పెదనాన్న విసుక్కున్నాడు.

"పక్కన ఎవడు పెట్టమన్నాడు? నక్షత్రం ముందుండాలి, లైటు వెనకుండాలి. ముప్ఫై నలభై అడుగులు."

నవంబరు 2న అన్న మాట అప్పుడర్థమైంది. నేను ముందుండేవాణ్ణి.

అందరూ లైటు చుట్టూ, వెలుగులో, గుంపుగా పాడుకుంటూ వస్తారు. నక్షత్రం మోసే పిల్లాడొక్కడే చీకట్లో ముందు నడవాలి. వెనక్కి తిరిగి చూస్తే కళ్ళు చెదిరి ముందున్న దారి కనపడదు, కాబట్టి తిరగకూడదు. కాలువ గట్టు మీద చింతచెట్టు దగ్గరికొచ్చేసరికి భయమేసి, తను మిగతావాళ్ళ కంటే గట్టిగా పాడేవాణ్ణని చెప్పాడు. పాట ఏమిటంటే గుర్తుందిగానీ పాడనన్నాడు.

డిసెంబరు 18

లైటును గంటసేపు వెలిగించి చూశాను. నలభై నిమిషాలు దాటాక వెలుగు పచ్చబడుతోంది. అప్పుడు పదిహేను ఇరవైసార్లు గాలి కొట్టాలి. కదుల్తూ కొట్టలేం, కింద పెట్టాలి. అంటే రాత్రంతా దీని లెక్కనే ఆగాలి. ఎవరింటి దగ్గర ఆగితే వాళ్ళింట్లో టీ, అరిసెలు. పాతరోజుల్లో లైటు మోసే ఆయనకు ఎవరి అరిసెలు మెత్తగా ఉంటాయో తెలుసట. ఆ ఇంటి ముందే లైటుకు గాలి తగ్గేది.

ఇంకో సంగతి. తాత రాసిన కేరల్స్ లెక్కల పుస్తకం పెదనాన్న పెట్టెలోంచి తీశాడు. చందాలు కొన్ని అణాల్లో, కొన్ని నయాపైసల్లో ఉన్నాయి. 1957 ఏప్రిల్లో నయాపైసలు వచ్చాక కూడా జనం చేతుల్లో అణాలు తిరిగాయి. అణాకు ఆరుంబావు నయాపైసలు! ఆ పావు దగ్గర తాత మూడుచోట్ల కొట్టేసి రాశాడు. ఖర్చుల్లో కిరోసిన్, మాంటిళ్ళు 2, రంగు కాగితం, ఒకచోట "హేరోదు కిరీటం బాడుగ". పండగ రాత్రి నాటకానికి తెనాలి నుంచి డ్రస్సులు అద్దెకు తెచ్చేవాళ్ళట. దుర్యోధనుడికీ, యేసు పుట్టినప్పటి రాజు హేరోదుకీ ఒకే కిరీటం. నాటకం జోలికి ఈ ఏడు వెళ్ళడం లేదు.

డిసెంబరు 21

నక్షత్రం ఎవరు మొయ్యాలని చర్చ. చిన్నోడు నేనంటే నేనన్నాడు. చీకట్లో ఒంటరిగా ముందు నడవాలని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కుక్కలొస్తే?" అన్నాడు. "బొంగుంది కదా చేతిలో" అన్నాడు పెదనాన్న.

డిసెంబరు 24, కాదు, 25. తెల్లవారుజాము నాలుగు

నిద్ర రావడం లేదు, రాసేస్తున్నా. పదిగంటలకు బయల్దేరాం. వీధిలైట్లు ఉంటే ఇదంతా వృథా కాబట్టి, పంచాయతీవాళ్ళని అడిగి మా పేట వరకు కాసేపు ఆపించాం. ఆపగానే ఎవరో "ఓరి దేవుడా" అన్నారు. అంత చీకటి మా వీధిలో ఉంటుందని ఎవరికీ తెలీదు. మంచు కూడా దిగింది. కోసిన వరి వాసన.

పద్దెనిమిది మందిమి. లైటు మా అన్నయ్య చేతిలో. వెలుగు వలయం ఎంతవరకుందో అంతవరకే మేము. బుస్సుమనే చప్పుడు మీదుగా పాడటం రిహార్సల్లో కంటే బాగా కుదిరింది. నలభై అడుగుల ముందు ఎర్రగా, పసుపుగా నక్షత్రం ఒక్కటే ఊగుతూ పోతోంది. దాని కింద మనిషి కనపడడు. జనం తలుపులు తీసి ముందు దాన్ని చూస్తున్నారు, తర్వాత మమ్మల్ని.

రెండుసార్లు గాలికి ఆగాం. రెండోసారి కింద పెట్టేటప్పుడు గట్టిగా తగిలి మాంటిల్ ఓ పక్క రాలిపోయింది. చిరిగినచోట నుంచి మంట గ్లాసుకు తగిలితే గ్లాసు పగులుతుంది, అందుకని ఆపి చల్లార్చి కొత్తది కట్టాల్సొచ్చింది. పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ చీకట్లో నిలబడి పాడారు. ఎవరూ ఫోన్ల లైట్లు వెయ్యలేదు. నేను చెప్పనైనా చెప్పలేదు.

కాలువ గట్టు దగ్గర చిన్నోడి గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. పెదనాన్న మా పక్కన వీల్‌చైర్లో ఉన్నాడు. ఏమీ అనలేదు, చెవి మాత్రం అటు తిప్పాడు.

డిసెంబరు 28

లైటులో మిగిలిన కిరోసిన్ తీసేసి, గాలి స్క్రూ వదులు చేసి, గుడ్డలో చుట్టాను. ఈసారి అటక మీదికి కాదు, బీరువాలోకి. వచ్చే ఏడాదిలోపు సీసం వాషర్లు రెండు, నిప్పిల్ ఇంకోటి సంపాదించాలి. హార్మోనియం తాళ్ళకు మెత్తటి పట్టీలు కుట్టించాలి. బొంగు ఒక కణుపు పొట్టిది కావాలి, చిన్నోడికి బరువెక్కువైంది.

నక్షత్రం దాచొద్దన్నాడు పెదనాన్న. కొత్త ఏడాది నాటికి దాన్ని విరిచి నీళ్ళపొయ్యిలో పెట్టేవాళ్ళట, ఏటా కొత్తదే కట్టాలట. చిన్నోడు ఒప్పుకోలేదు. వాడి మంచం పైన మేకుకు వేలాడుతోంది. బ్యాటరీలు నిన్నటికే అయిపోయాయి, ఇంకో మూడు అడుగుతున్నాడు.